రేడియేటరులో పసుపు

పార్వతీపురం,
3 ఏప్రిల్ 2006

గౌరవనీయులైన బావగారు దానయ్య గారికి,

మీ వియ్యంకుడు వెంకటరత్నం నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ చెల్లెలు సూరమ్మా పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర మింగుతూ బాగానే ఉన్నాం. అక్కడ మీరూ, కోటమ్మ చెల్లెమ్మా, అల్లుడు రఘూ, మా అమ్మాయి నీలిమా కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

‘ఫోను చెయ్యొచ్చు కదా నాన్నా’ అని నీలిమ అంటూనే ఉంటుంది. ముప్పై ఆరేళ్లు తపాలా శాఖలో పనిచేసి సబ్ పోస్టుమాస్టరుగా దిగినవాణ్ణి. ఫోనులో అందరూ బాగున్నామనే అంటారు. ఉన్నమాట బయటపడేది ఉత్తరంలోనే.

విషయం ఏమిటంటే, మే నెలలో మేమిద్దరం రాయపూర్ వచ్చి పది రోజులుందామనుకుంటున్నాం. అమ్మాయిని చూడ్డం ఒకటి. రెండోది, సిగ్గు విడిచి చెబుతున్నాను, కారుని చూడ్డం. పోయిన అక్టోబరులో మీకు అమ్మిన నా తెల్లకారు, క్షమించాలి, మీ తెల్లకారు ఎలా ఉంది? ఎనభై ఆరు నాటి బండి అయినా ఎంత హుందాగా ఉంటుందో చూశారుగా. కళ్లు సరిగ్గా ఆనక వదులుకున్నాను గాని, లేకపోతే ఇచ్చేవాణ్ణా?

మీ దగ్గర ఆరంగ్‌లో పాత గుళ్లున్నాయట. అవి చూసి, మహానది ఒడ్డున కాసేపు కూర్చోవాలని మా కోరిక. కారులో గంట దూరమని నీలిమ చెప్పింది. మీరు నడపండి. నేను ముందు సీట్లో కూర్చుంటాను. అంతకన్నా ఏమీ అడగను.

ఇట్లు,
మీ బావ,
వెంకటరత్నం

తా.క.: మీ గత ఉత్తరం మీద స్టాంపు తలకిందులుగా అంటించారు. చట్టప్రకారం నేరం కాదు. కాని నా మనసు రెండు రోజులు బాగోలేదు.


(రాసి, పోస్టు చెయ్యని ఉత్తరం)

గుఢియారి, రాయపూర్,
11 ఏప్రిల్ 2006

బావగారూ,

నమస్కారం. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మీరు మాకు అమ్మింది కారు కాదు, కుంపటి.

ఇంటి దగ్గర బయల్దేరి ఫాఫాడి చౌక్ చేరేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద ఉంటుంది. తేలీబాంధా చెరువు కనబడేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఉర్లాలో ఇనుప ఊచల మిల్లులో ముప్పై ఏళ్లు కొలిమి ఫోర్‌మన్‌గా చేశాను. పన్నెండు వందల డిగ్రీల ముందు నిలబడ్డవాణ్ణి. ఈ బండి ముందు నిలబడలేకపోతున్నాను.

మొన్న ఆదివారం శంకర్ నగర్‌లో గృహప్రవేశానికి బయల్దేరాం. దారిలో ఒక పెళ్లి బరాత్ అడ్డొచ్చింది. బండి నెమ్మదించగానే భుస్సుమని ఆవిరి వదిలింది. పెళ్లివాళ్లు అదంతా ఏర్పాట్లలో భాగమనుకుని మా చుట్టూ చేరి నాచ్‌నా గానా మొదలెట్టారు. పెళ్లికొడుకు మేనమామ నా మెడలో బంతిపూల దండ వేశాడు. కోటమ్మ సీటులోంచి దిగలేదు, అరగంట కళ్లు మూసుకునే ఉంది.

పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే ఇంజను మొత్తం విప్పాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు నా పెన్షన్‌కి ఆరు నెలల తిండి. కోటమ్మ రెండు వేలు చేతిలో పెట్టి, దీంతో బాగైతే బండి, కాకపోతే పాతసామాన్లవాడికని తేల్చేసింది. ఇలాంటి బండిని మాకు అంటగట్టడం మీకు న్యాయమేనా?

ఇట్లు,
దానయ్య

తా.క.: ఇది చదివి వినిపిస్తే కోటమ్మ నా చేతిలోంచి లాక్కుంది. “ఏటండీ, మతి పోనాదా? బండి లారీ ఎక్కించిన రోజు కన్నకూతుర్ని సాగనంపినట్టు ఏడిసేడాయన. ఇప్పుడు బాగోలేదని రాస్తే మోసం సేసేరన్నట్టే కదా! రేపు నీలిమ మొకం ఎలగ సూస్తాం?” అంది. మాట నిజమే. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలోకి కాదు, బియ్యం డబ్బా కిందికి.


గుఢియారి, రాయపూర్,
12 ఏప్రిల్ 2006

పూజ్యులైన బావగారు వెంకటరత్నం గారికి,

దానయ్య నమస్కారాలు. మీ ఉత్తరం చూసి ఇంటిల్లిపాదీ పొంగిపోయాం. మీ రాక మాకు పండగ. అయితే ఒక చిన్న మనవి. మే నెలలో రాయపూర్ ఎండ మామూలుది కాదు. కాకి కూడా బయటికి రాదు. అదే జూలైలో అయితే ఏకదమ్ చల్లగా, వానలు పడుతూ, గాలి వీస్తూ, ప్రయాణాలకి ఎంతో సుఖం. మనుషులకే కాదు, అన్నిటికీ సుఖం. కాస్త ఆలోచించండి.

కారు సంగతి అడిగారు. దివ్యంగా ఉంది. రాయపూర్‌లో దానికి మంచి పేరొచ్చింది. ఎక్కడ ఆగినా చుట్టూ నలుగురు చేరతారు. మొన్న దాని పుణ్యమా అని నా మెడలో దండ కూడా పడింది.

ఆరంగ్ గుళ్ల గురించి తొందర లేదు. అవి వెయ్యేళ్ల నుంచి ఉన్నాయి.

ఇట్లు,
మీ బావ,
దానయ్య

తా.క.: ఊరికే అడుగుతున్నాను, వేరే ఉద్దేశం లేదు. మీ దగ్గరున్నప్పుడు కారుకి రోజుకి ఎన్ని నీళ్లు పోసేవారు?


పార్వతీపురం,
19 ఏప్రిల్ 2006

బావగారు దానయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. నేను రెండుసార్లు చదువుకున్నాను. సూరమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. నాలుగుసార్లూ అందులో ‘జూలై’ అనే ఉంది.

వేసవి మాకు కొత్తా బావగారూ? నెత్తిమీద తువ్వాలేసుకుని ఊరూరా టపా పంచుతూ ఉద్యోగం మొదలెట్టినవాణ్ణి నేను. “రావొద్దని సెప్పలేక ఎండని అడ్డం ఎట్టుకున్నారు” అంది మీ చెల్లెలు. నేను కాదన్నాను. కాని గట్టిగా అనలేకపోయాను.

టిక్కెట్లు కొనేశాం. మే 20 రాత్రి ఇక్కడ ఎక్కుతాం. 21 ఉదయం రాయపూర్. తిరుగు ప్రయాణం 30న.

కారుకి నీళ్ల సంగతి అడిగినందుకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. దాని బాగోగులు మీరింత పట్టించుకుంటారని అనుకోలేదు. రోజూ పొద్దున్నే రెండు బిందెలు పోసేవాణ్ణి. శుక్రవారం మూడు, పసుపు కూడా. చలికాలంలో గోరువెచ్చటివి. ఒక్కసారిగా గుమ్మరించకూడదు, నెమ్మదిగా, చెంబుతో పోయాలి. పసిపిల్లకి పోసినట్టు.

ఇట్లు,
వెంకటరత్నం

తా.క.: తర్వాత మెత్తటి గుడ్డతో తుడవడం మరవద్దు. అందుకనే నా పాత ఖాకీ లాగు ఒకటి డిక్కీలో పెట్టి పంపాను. అది పొరపాటున వచ్చిందని మీరు ఉతికి తిరిగి పంపారు.


గుఢియారి, రాయపూర్,
26 ఏప్రిల్ 2006

పూజ్యులైన బావగారికి,

దానయ్య నమస్కారాలు. మిమ్మల్ని రావొద్దనడానికి నేనెవర్ని? తప్పక రండి. స్టేషన్‌కి నేనే వస్తాను. స్టేషన్ మా ఇంటికి దగ్గరే, రిక్షాలో వచ్చేద్దాం. రిక్షాలో గాలి బాగా తగులుతుంది.

ఆరంగ్‌కి బస్సులో వెళితే ఎలా ఉంటుందంటారు? కిటికీ పక్క సీటు నేను పట్టుకుంటాను. ప్రతి అరగంటకీ బస్సులున్నాయి. కారులో ఏముంది బావగారూ, ఎప్పుడూ ఎక్కేదే.

మీరు రాసిన నీళ్ల పద్ధతి ఆ రోజు నుంచే అమలు చేస్తున్నాం. శుక్రవారం పసుపు కూడా వేశాం. పసుపు విషయంలో మీ అనుభవానికి జోహార్లు. ఫలితం ఊరంతా చూసింది.

కారు ఇప్పుడు ఎక్కువగా బిసాహూ దగ్గరే ఉంటోంది. ఫాఫాడిలో ఉంటాడు. చాలా మంచివాడు. పొద్దున్నే దాన్ని చూడకపోతే అతనికి తోచదు. వారానికి ఒకటి రెండుసార్లు నేనే వెళ్లి చూసి వస్తున్నాను.

ఇట్లు,
మీ బావ,
దానయ్య

తా.క.: నన్ను చూడగానే కంగారు పడకండి. నా కుడి కనుబొమ్మ ప్రస్తుతానికి లేదు. నీలిమ కాటుకతో గీస్తానంటోంది.


రిజిస్టర్డ్ పోస్టు, అందినట్టు రసీదుతో సహా

పార్వతీపురం,
2 మే 2006

శ్రీయుత దానయ్య గారికి,

విషయం: కారు అమ్మేసిన సంగతి దాచిపెట్టుట గురించి.

తమరి 26వ తేదీ ఉత్తరం అందినది. అందులోని అంశాలు క్షుణ్ణంగా పరిశీలించితిని. కారు ఫాఫాడిలో ఉన్నది. బిసాహూ అనే వ్యక్తి వద్ద ఉన్నది. పొద్దున్నే చూసుకునేది అతను. తమరు వారానికి ఒకటి రెండుసార్లు వెళ్లి చూసి వస్తున్నారు. స్టేషన్‌కి రిక్షా, ఆరంగ్‌కి బస్సు. కారు అమ్మేశారని తెలియడానికి నేను డిటెక్టివును కానక్కర్లేదు.

అమ్ముకునే హక్కు తమకి ఉంది. మీ సొమ్ము, మీ ఇష్టం. కాని ‘దివ్యంగా ఉంది’ అని నాకు రాయడమెందుకు? పెన్ను పట్టుకున్న చేత్తో అబద్ధం రాయకూడదు.

మేము వస్తాం. మా అమ్మాయిని చూడ్డానికి వస్తాం. కాని మీ ఇంట్లో దిగం. స్టేషన్‌లో రిటైరింగ్ రూము తీసుకుంటాం. నీలిమని అక్కడికి పంపగలరు.

ఇట్లు,
కె. వెంకటరత్నం,
సబ్ పోస్టుమాస్టరు (రిటైర్డు)

తా.క.: రాయను అనుకున్నాను, సూరమ్మ ఊరుకోవడం లేదు. కనుబొమ్మకి ఆముదం రాయమంటోంది.


గుఢియారి, రాయపూర్,
5 మే 2006

బావగారూ,

పోస్టుమాన్ రసీదు మీద సంతకం పెట్టించుకుని వెళ్లాడు. వియ్యంకుడి దగ్గర్నించి రిజిస్టర్డ్ నోటీసు వచ్చిన మనిషి ఈ వీధిలో నేనొక్కణ్ణే. అది చదివి నీలిమ నిన్నటి నుంచి నాతో మాట్లాడ్డం లేదు. మీతోనూ మాట్లాడదట. ఇద్దరు ముసలాళ్లకీ కలిపి ఒకటే శిక్ష వేసింది.

కారు అమ్మలేదు. అమ్ముదామన్నా కొనేవాడు లేడు. అది వేడెక్కిపోతోంది బావగారూ. మీరు బాధపడతారని దాచాను. ఏప్రిల్‌లో రాసి పోస్టు చెయ్యకుండా బియ్యం డబ్బా కింద పెట్టిన ఉత్తరం దీనితో జతచేస్తున్నాను. అందులో మాటలు కాస్త కఠినంగా ఉంటాయి. మన్నించాలి.

బిసాహూ అంటే రేడియేటర్లు బాగుచేసే ముసలి మిస్త్రీ. ఫాఫాడి దగ్గర రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఒక నీళ్ల గొట్టం, ఒక సుత్తి, అంతే అతని వర్క్‌షాపు. పెద్ద వర్క్‌షాపువాళ్లు ఇంజను విప్పాలంటే ఇతను “పహిలే సస్తా వాలా దేఖబో” అన్నాడు. ముందు చవకవన్నీ చూద్దాం అని. ఆ ఒక్క మాటకి నేను పడిపోయాను.

మొదట రేడియేటరు మూత రబ్బరు మార్చాడు. తర్వాత పగిలిన గొట్టం మార్చాడు. ఆ తర్వాత వెనకనుంచి ముందుకి నీళ్లు కొట్టి రేడియేటరు కడిగితే లోపల్నుంచి వరద గోదారిలా ఎర్రటి బురద దిగింది. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు మళ్లీ వేడెక్కింది. తొందరపడి వేడిమీదే మూత తిప్పాను. కనుబొమ్మ అప్పుడే పోయింది. “ఠండా హోన్ దే బాబూ”, చల్లారనీ అని బిసాహూ వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు, నేనే వినలేదు.

ఈలోగా మీ ఉత్తరం వచ్చింది. నేను అడిగింది రేడియేటరులో నీళ్ల గురించి. మీరు చెప్పింది స్నానం గురించి. ఆ సంగతి మొన్న కోటమ్మ పట్టుకునేదాకా నాకు తెలియలేదు. బండి ఇంటికి వచ్చినప్పుడల్లా చెంబుతో రెండేసి బిందెలు రేడియేటరులో పోశాను. పట్టినన్ని పట్టాయి, మిగతావి వీధిలోకి పోయాయి. శుక్రవారం నాడు పసుపు కూడా వేశాను. జైస్తంభ్ చౌక్‌లో పచ్చటి ఆవిరి లేచింది. ట్రాఫిక్ పోలీసు వచ్చి, “హోలీ తో కబ్ కీ హో గయీ, దాదా” అన్నాడు, హోలీ ఎప్పుడో అయిపోయింది కదా అని. వాడి తెల్లచొక్కా కూడా పచ్చబడింది. చేత్తో దులుపుకుని మమ్మల్ని పొమ్మన్నాడు, మంచివాడు.

పసుపు పట్టేసిన రేడియేటరు కడగడానికి కోటమ్మ చింతపండు రసం పోసింది. ఇత్తడి సామాన్లు మెరవగా లేనిది ఇది మెరవదా అంది. నిజంగానే మెరిసింది. వేడి మాత్రం తగ్గలేదు.

ఆఖరికి రఘు, ఇంజను వేడి తగ్గాలంటే కారులో హీటరు వెయ్యాలని ఎక్కడో విని వచ్చాడు. ఇంజనులోని వేడిని అది లోపలికి లాగుతుందట. బయట నలభై నాలుగు డిగ్రీలు. కారులో హీటరు. ముల్లు కాస్త దిగిన మాట నిజమే, కాని మేం ముగ్గురం ఉడికిపోయాం. సిగ్నల్ దగ్గర స్కూటరుమీది కుర్రాడు లోపలికి తొంగిచూసి, “అంకుల్, తబియత్ ఠీక్ హై?” అని అడిగాడు, ఒంట్లో బాగానే ఉందా అని.

కోటమ్మ ఇచ్చిన రెండు వేలు అడుగంటాయి. ఇదీ సంగతి. మీరు మా ఇంట్లో దిగకపోతే కోటమ్మ నన్ను ఇంట్లో ఉండనివ్వదు. రిటైరింగ్ రూములో ఇంకో మంచం ఉందేమో కనుక్కోండి.

ఇట్లు,
అబద్ధం రాసిన మీ బావ,
దానయ్య

తా.క.: పసుపు వేశాం, చింతపండు పోశాం. ఇక తాలింపు ఒక్కటే తక్కువ.


పార్వతీపురం,
9 మే 2006

ప్రియమైన బావగారూ,

మీ రెండు ఉత్తరాలూ, బియ్యం డబ్బా కిందిదానితో సహా, చదివాను. కుంపటి అన్నారు. సరైన మాట. ఆ మాట కోసం నేను మూడేళ్లు వెతికాను, దొరకలేదు.

ఇప్పుడు నా వంతు. సూరమ్మ పక్కనే కూర్చుని, “ఒక్క ముక్క దాసినా నాను రాయిస్తాను” అంటోంది. మీ చెల్లెలికి చదవడం రాదుగాని నా ముఖం చదవడం బాగా వచ్చు.

నా కళ్లు బాగానే ఉన్నాయి. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. కారు అమ్మింది కళ్లు ఆనక కాదు, అది మరిగిపోతున్నందుకు. రిటైరైన ఏడాది, 2003లో, ఆ బండి కొన్నాను. ముప్పై ఆరేళ్లు ఊళ్లవాళ్ల ఉత్తరాలన్నీ దేశమంతా తిరిగాయి, నేను మాత్రం మొదట చుట్టుపక్కల పల్లెల్లో, ఆ తర్వాత కౌంటరు వెనక ఉండిపోయాను. సూరమ్మ పార్వతీపురం దాటింది లెక్కపెట్టినట్టు ఎనిమిదిసార్లు. ఇకనుంచైనా తిప్పుతానని మాటిచ్చి కొన్నాను. మొదటి నెలలోనే మరగడం మొదలెట్టింది. పద్దెనిమిది కిలోమీటర్లు. అంతే దాని శక్తి. పదిహేడో కిలోమీటరులో ‘టీ తాగుదాం’ అని ఆపేసేవాణ్ణి. బానెట్ ఎత్తితే పరువు పోతుందని, ఎండలో చల్లారేదాకా టీ మీద టీ తాగించేవాణ్ణి. బొబ్బిలి రోడ్డులో నన్ను ‘టీ మాస్టారు’ అంటారు. అతిథి మర్యాద తెలిసిన మనిషినని పేరు పడింది. అదంతా రేడియేటరు మర్యాద.

లారీ ఎక్కించిన రోజు నేను ఏడ్చింది ప్రేమతో కాదు బావగారూ. కూతురి మావగారికి ఇలాంటి బండి అమ్ముతున్నానే అని ఏడ్చాను. పక్కింటివాళ్లంతా ఓదార్చారు. ఎందుకు ఓదారుస్తున్నారో వాళ్లకి తెలీదు. నడుపుకుంటూ రాకుండా లారీలో ఎందుకు పంపానో మీకూ అనుమానం రాలేదు. మీరు అంత మంచివారు కావడం నాకు ఇంకా బరువైంది.

ఇంకొకటి కూడా రాయమంటోంది. కారు కొన్న మొదటి నెలలో ఎలుక దూరి ముందువైపు వైర్లు కొరికేసింది. మెకానిక్‌కి డబ్బులెందుకని నేనే అతికించాను. ఏ రంగు వైరు ఏ రంగుదానికి కలపాలో తెలియలేదు. పార్శిల్ కట్టే చెయ్యి కదా, ముడులు మాత్రం గట్టిగా వేశాను. ఫ్యాను తిరిగింది, చాలనుకున్నాను.

మాకు ఆరంగ్ అక్కర్లేదు. రిటైరింగ్ రూమూ అక్కర్లేదు. మీ ఇంట్లో ఒక చాప వేస్తే చాలు.

ఇట్లు,
అంటగట్టిన మీ బావ,
వెంకటరత్నం

తా.క.: ఈ ఉత్తరం నీలిమకి చూపించవద్దు. చూపించకుండా ఉండలేకపోతే, ముందు అన్నం తిననిచ్చి చూపించండి.


గుఢియారి, రాయపూర్,
13 మే 2006

బావగారికి, ‘టీ మాస్టారు’కి,

కోటి నమస్కారాలు. చాప కాదు, మంచమే వేస్తాం. ముందు ఇది చదవండి.

మీ ఉత్తరం పట్టుకుని ఎకాయెకి బిసాహూ దగ్గరికి పరుగెత్తాను. ఎలుక దగ్గర్నించి ముడుల దాకా, రాసిందెవరో చెప్పకుండా, హిందీలో చదివి వినిపించాను. అతను బీడీ పక్కన పెట్టాడు. ఇంజను స్టార్టు చెయ్యమన్నాడు. రేడియేటరు వెనక ఫ్యాను తిరగడం మొదలెట్టాక ఒక పాత న్యూస్‌పేపరు ముక్క తీసి, కారు ముందువైపు జాలీకి దగ్గరగా పట్టుకున్నాడు. ఫ్యాను గాలిని లోపలికి లాగాలి కదా. కాగితం జాలీకి అతుక్కోవాలి. అతుక్కోలేదు. ఎగిరొచ్చి నా ముఖానికి అతుక్కుంది.

ఫ్యాను ఉల్టా తిరుగుతోంది బావగారూ! మూడేళ్ల నుంచి ఎదురుగాలికి ఎదురు ఊదుతోంది. రెండు వైర్లు అటుదిటు అయ్యాయి, అంతే. మీ ముడులు విప్పడానికి బిసాహూకి ముప్పావు గంట పట్టింది. “కౌన్ బాంధిస్ హే యేలా?” అని నాలుగుసార్లు అడిగాడు, ఎవడు కట్టాడిది అని. నేను మీ పేరు చెప్పలేదు. వైర్లు మార్చి కలపడానికి రెండు నిమిషాలు. కాగితం పెట్టాడు. చట్‌మని జాలీకి అతుక్కుంది. తీస్తే రాలేదు.

నేను అక్కడే రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లు కొలిమి దగ్గర పనిచేశాను. పొద్దున్నే మిల్లుకెళ్లి మొట్టమొదట చూసేది కొలిమికి గాలి కొట్టే బ్లోయరు ఎటు తిరుగుతోందో. కొత్తవాళ్లకి నేర్పింది నేనే. ఇంటిముందు బండి ఫ్యాను ఎటు ఊదుతోందో చూడ్డానికి మాత్రం బుద్ధి పుట్టలేదు. నన్ను నేనే తిట్టుకుంటూ కేకలేస్తుంటే బిసాహూ నవ్వి, “గాడీ అబ్ గరమ్ నఇ హే బాబూ, తైఁ గరమ్ హస్” అన్నాడు. బండి చల్లబడింది, నువ్వే వేడెక్కావు అని.

కూలి ఇవ్వబోతే రెండు సమోసాలు, ఒక టీ చాలన్నాడు. నాలుగు సమోసాలు కొనిచ్చాను. నిన్న మిట్టమధ్యాహ్నం భిలాయ్ దాకా వెళ్లి వచ్చాం. ముల్లు సగం దాటలేదు. కోటమ్మ దారంతా కళ్లు తెరుచుకునే కూర్చుంది.

ఒక్కమాట. నేను ఏప్రిల్‌లోనే నిజం రాసి ఉంటే, మీరు ఆ ఎలుక సంగతి ఏప్రిల్‌లోనే చెప్పి ఉండేవారు. నా కనుబొమ్మ నాకుండేది.

రండి. స్టేషన్‌కి కారులో వస్తాను.

ఇట్లు,
మీ బావ,
దానయ్య

తా.క.: నీలిమకి అన్నం తిన్నాకే చూపించాను. నవ్వి నవ్వి తిన్నదంతా అరిగిపోయి మళ్లీ వడ్డించుకుంది.


రాయగడ, బస్టాండు ఎదురు టీ కొట్టు,
29 మే 2006

ప్రియాతిప్రియమైన బావగారు దానయ్య గారికి,

ఈ ఉత్తరం అందేసరికి సంగతంతా నీలిమ నోట వినే ఉంటారు. ఇల్లంతా ఒకసారి వెతికి, వీధంతా రెండుసార్లు వెతికి, బిసాహూని మూడుసార్లు అడిగి ఉంటారు. అయినా రాతపూర్వకంగా తెలియజేయడం నా ధర్మం. నిన్న తెల్లవారుజామున మీ కారు తీసుకెళ్లిపోయింది నేనే. పక్క సీట్లో సూరమ్మ ఉంది. 30వ తేదీ రైలు టిక్కెట్లు దేవుడి పటం వెనక పెట్టాను. ఇది మీకు అందేసరికి ఆ రైలు వెళ్లిపోయే ఉంటుంది.

దొంగతనమే. కాదనను. కాని ఎలా జరిగిందో వినండి.

మొన్న ఆరంగ్ వెళ్లినప్పుడు మీరు నాలుగుసార్లు బండి ఆపారు. ఒకసారి జామకాయలకి, ఒకసారి నీళ్లకి, ఒకసారి ఊరికే, ఒకసారి ‘ఈ చెట్టు చూడండి’ అని. బండి చల్లగా ఉంది, ముల్లు కదలడం లేదు, మీకు మాత్రం నమ్మకం లేదు. నాకు మీ మీద కోపం రాలేదు. నేను రెండేళ్లకి పైగా చేసిందే మీరు చేస్తున్నారు. గుళ్లు చూశాక, మహానది ఒడ్డున మీరు కునుకు తీస్తుంటే, సూరమ్మ వంతెన వైపు చూపించి, “ఆ రోడ్డు ఎక్కడికెల్తాదండీ?” అంది.

మహాసముంద్ మీదుగా, భవానీపట్నం మీదుగా, కొండలెక్కి దిగి మన పార్వతీపురం వెళుతుందని చెప్పాను. ఆ దారిలో ఊళ్లన్నిటి పేర్లూ నాకు కంఠతా వచ్చు. పిన్‌కోడ్లతో సహా. అన్నిటికీ ఉత్తరాలు పంపాను. ఒక్కటీ చూడలేదు.

సూరమ్మ వంతెన వైపే చూస్తూ కూర్చుంది. నలభై ఏళ్లలో ఆవిడ నన్ను నోరు తెరిచి ఏదీ అడగలేదు బావగారూ. ఆ రోజు కూడా అడగలేదు. రోడ్డు ఎక్కడికెళుతుందో తెలుసుకుంది, అంతే. ఆ తర్వాత నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. మిమ్మల్ని అడిగితే ఇచ్చేవారే. కాని వెంటే వస్తానని కూడా అనేవారు. వచ్చి ప్రతి పది కిలోమీటర్లకీ జామకాయలు కొనేవారు.

నిన్న రాత్రి భవానీపట్నంలో లాడ్జిలో పడుకున్నాం. ఇవాళ పొద్దున కొండదారి. మొదటి మలుపులోనే వేగం తగ్గించేశాను. ముల్లు మీదే చూపు. సూరమ్మ నన్ను గద్దించింది: “మీరు రోడ్డు సూడండి, ముల్లు నాను సూస్తాను.” దారంతా అలాగే వచ్చాం. ప్రతి మలుపు దగ్గరా “సగానికే ఉంది, పోనియ్యండి” అంటూ. కొండ మీద లారీలు ఆగి ఆవిరి వదులుతుంటే వాటిని దాటుకుంటూ వచ్చాం. ఒక లారీ డ్రైవరుకి మన సీసాలో నీళ్లు ఇచ్చి, ‘వేడి మీద మూత తియ్యకు బాబూ’ అని చెప్పాను. నాకు అంత గర్వం రిటైర్మెంటు రోజున కూడా కలగలేదు.

కోపం తెచ్చుకోకండి. వారం రోజుల్లో నేనే నడుపుకుంటూ తెచ్చి మీ వాకిట్లో నిలబెడతాను. అప్పుడు మీరిద్దరూ ఎక్కండి. ఈసారి మీకూ ఈ కొండలు చూపిస్తాను.

ఇందాక ఒక మలుపులో, కింద లోయంతా కనబడే చోట, సూరమ్మ బండి ఆపమంది. గట్టిగా బ్రేకు తొక్కాను. ‘ముల్లు ఎక్కిందా?’ అన్నాను. “లేదు. బాగుంది కదా, సూద్దాం” అంది. దిగి, రాతి మీద కూర్చున్నాం. బండి పక్కనే గురక లేకుండా నిలబడింది. కారు కొన్నాక మూడేళ్లకి, ఆగాల్సిన పని లేకుండా ఆగాం.

ఇట్లు,
మీ దొంగ బావ,
వెంకటరత్నం

తా.క.: తాళంచెవి తెచ్చిచ్చింది నీలిమే. అమ్మాయిని ఏమీ అనకండి. వేడెక్కిందంటే దానికి వైర్లు మార్చే బిసాహూ ఎవడూ లేడు. నేను పాతికేళ్లు వెతికాను.